ఏడేళ్ల పిల్లాడికి షూ లేసులు కట్టుకోవడం నేర్పాలి. మేం కట్టినా ఊడిపోతున్నాయి, ఏం చేయాలి?

కొబ్బరాకు (ప్రశ్న)

బాబుకు ఏడేళ్లు, రెండో తరగతి. ఇప్పటిదాకా వెల్‌క్రో పట్టీ బూట్లే వేశాం. ఈ ఏడాది నుంచి బడిలో మామూలు రోజుల్లో నల్ల లేసు బూట్లు, శనివారం తెల్ల కాన్వాస్ బూట్లు వేసుకు రావాలన్నారు. తెలిసినవాళ్లు చెప్పాల్సినవి మూడున్నాయి.

ఒకటి, రెండు చెవులు చేసి కట్టే పద్ధతి, ఒక చెవి చేసి దాని చుట్టూ తిప్పే పద్ధతి అని రెండున్నాయి కదా, ముందు ఏది నేర్పాలి? రెండు, పొద్దున్న మేం బిగించి కట్టి పంపినా ఇంటర్వెల్‌కల్లా ఊడిపోతున్నాయి. లేసులు సన్నగా, గుండ్రంగా, నున్నగా ఉన్నాయి. డబుల్ ముడి వేస్తే సాయంత్రానికి పీటముడి పడి కూర్చుంటోంది. మూడు, వాడిది ఎడమచేతి వాటం, మాది కుడి. ఎదురుగా కూర్చుని చూపిస్తే అంతా తిరగబడి కనిపిస్తోంది వాడికి.

బూటుకు ఐదు జతల కన్నాలు. లేసు విప్పి కొలిస్తే 120 సెంటీమీటర్లు ఉంది.

బొందుముడి

రెండో ప్రశ్నతో మొదలుపెడతాను. ఊడిపోయే ముడినే పిల్లాడికి నేర్పితే, ఎంత బాగా నేర్చుకున్నా ఊడిపోతూనే ఉంటుంది. తప్పు తన చేతుల్లో ఉందనుకుంటాడు.

కట్టిన బూటును పైనుంచి చూడండి. ముడి దగ్గరి రెండు చెవులూ పాదానికి అడ్డంగా, ఒకటి ఎడమకు ఒకటి కుడికి వాలి ఉన్నాయా? అయితే ముడి సరిగ్గా ఉన్నట్టే. ఒక చెవి వేళ్ల వైపు, ఇంకోటి చీలమండ వైపు తిరిగి నిలువుగా ఉందా? అది ఊడే ముడి. అనుమానంగా ఉంటే చెవులు రెండూ పట్టుకుని పక్కలకు ఒకసారి లాగి వదలండి, చెవులు ఎటు తిరగాలో అటు తిరిగి కూర్చుంటాయి.

ఎందుకంటే లేసు ముడి ఒక్క ముడి కాదు, ఒకదాని మీద ఒకటి రెండు. కింద మామూలు ముడి, దాని మీద చెవులతో వేసే ముడి. కిందిది ఒక దిక్కుకు మెలి తిరిగి, పైది ఎదురు దిక్కుకు తిరిగితే రెండూ ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. రెండూ ఒకే దిక్కుకు తిరిగితే లాగినకొద్దీ ముడి పక్కకు మెలిపడి, లేసు జారడానికి దారి ఇస్తుంది. స్కౌట్స్‌లో దెబ్బ తగిలినచోట గుడ్డ కట్టడానికి నేర్పే రీఫ్ ముడి తెలుసు కదా, కొసలు పూర్తిగా లాగకుండా చెవులు మిగిల్చిన రీఫ్ ముడే సరైన లేసు ముడి. అందులో ఒక దిక్కు తప్పితే అయ్యేదాన్ని గ్రానీ ముడి అంటారు. చాలామంది పెద్దవాళ్లు ఏళ్ల తరబడి కడుతున్నది ఈ గ్రానీ ముడే.

సరిచేయడం తేలిక. పైముడి జోలికి పోవద్దు, అది చేతికి పట్టేసిన అలవాటు, మారదు. కిందిముడి ఒక్కటే తిప్పండి. ఇన్నాళ్లూ ఎడమ కొసను కుడి కొస మీదుగా వేస్తున్నట్టయితే ఇకనుంచి కుడి కొసను ఎడమ కొస మీదుగా వేయండి. అంతే. రెండు మూడు రోజులు చేయి తడబడుతుంది.

ఇంట్లో ఆడపిల్లలుంటే రెండు జడలకు కట్టే రిబ్బను పువ్వులు కూడా చూడండి. కొందరి పువ్వులు అడ్డంగా చక్కగా విచ్చుకుంటాయి, కొందరివి ఎంత సర్దినా నిలువుగా తిరిగిపోతాయి. కారణం ఇదే.

నడకలెక్క

పై మాటకు కొంచెం చేర్పు. ఇది 2017లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, బర్క్‌లీలో ముగ్గురు ఇంజినీర్లు ట్రెడ్‌మిల్ మీద పరిగెత్తిస్తూ, హైస్పీడ్ కెమెరాతో తీసి చూసిన సంగతి. ప్రొసీడింగ్స్ ఆఫ్ ది రాయల్ సొసైటీ ఏ అనే పత్రికలో వచ్చింది.

పరిగెత్తేటప్పుడు పాదం నేలకు తగిలిన ప్రతిసారీ గురుత్వాకర్షణకు ఏడు రెట్ల దాకా కుదుపు వస్తుంది. ఆ దెబ్బకు ముడి సాగుతుంది, మళ్లీ కుదురుకుంటుంది, అలా అలా వదులవుతుంది. అదే సమయంలో కాలు ముందుకూ వెనక్కూ ఊగడంతో వేలాడే కొసలు కొరడాల్లా విసురుకుని లేసును బయటికి లాగుతుంటాయి. కుర్చీలో కూర్చుని కాళ్లు ఊపితే ముడి ఊడలేదు, ఉన్నచోటనే నిలబడి కాళ్లు దబదబా కొట్టినా ఊడలేదు. రెండూ కలిస్తేనే ఊడింది. కొస కాస్త జారాక అటువైపు బరువు, పొడవు పెరిగి విసురు ఎక్కువవుతుంది, ఆ తర్వాత కొన్ని అడుగుల్లోనే మొత్తం ఊడుతుంది. అందుకే 'ఇప్పటిదాకా బాగానే ఉంది, ఉన్నట్టుండి ఊడింది' అనిపిస్తుంది.

ఇక్కడ పనికొచ్చేది రెండు. రీఫ్ పద్ధతిలో కట్టిన ముడి గ్రానీ కంటే బాగా నిలుస్తుంది, కానీ అదీ ఎప్పటికీ ఊడనిది కాదు. కొసలు ఎంత పొడవుగా వేలాడితే విసురు అంత ఎక్కువ. మీ లేసు 120 అన్నారు, చిన్నపిల్లల బూటుకు ఐదు జతల కన్నాలకు అది మరీ పొడవు.

ఓటీ_కాకినాడ

ఆక్యుపేషనల్ థెరపీ (రోజువారీ పనులు సొంతంగా చేసుకునేలా తర్ఫీదు ఇచ్చే వైద్యం) వైపు నుంచి మొదటి, మూడో ప్రశ్నలకు జవాబు.

మామూలుగా ఐదు నుంచి ఏడేళ్ల మధ్య వచ్చే పని ఇది. మీ బాబు ఆలస్యమేమీ కాలేదు. మొదలుపెట్టే ముందు చూడాల్సింది వయసు కాదు, వేళ్లు. చొక్కా గుండీలు తనే పెట్టుకుంటాడా, ఒక చేత్తో కాగితం పట్టుకుని ఇంకో చేత్తో కత్తెరతో గీత వెంట కత్తిరించగలడా, బొటనవేలు చూపుడువేలు మధ్య సన్నటి వస్తువు పట్టుకుని నిలపగలడా? ఇవి వస్తే లేసు కూడా వస్తుంది. రాకపోతే ఇవి ముందు, లేసు తర్వాత.

ముందు రెండు చెవుల పద్ధతే నేర్పండి. రెండు చేతులూ ఒకే పని చేస్తాయి కాబట్టి ఎడమా కుడీ గొడవ తక్కువ. ఒక చెవి పద్ధతిలో ఒక చేయి చెవిని కదలకుండా పట్టుకోవాలి, ఇంకో చేయి చుట్టాలి, ఆ తర్వాత కనిపించని కన్నంలోకి బొటనవేలితో తోయాలి. ఆ తోసే అడుగు దగ్గరే పిల్లలు ఆగిపోతారు.

రెండు రంగుల లేసులు కావాలి. ఎరుపు ఒకటి, నీలం ఒకటి కొని, చెరో సగం కత్తిరించి, మధ్యలో కలిపి ముడేసి ఒకే లేసుగా చేయండి. ఆ అతుకు బూటు ముందువైపు, నాలుక (లేసుల కింద పాదం మీద ఉండే పట్టీ) కింద దాగేలా ఎక్కించండి. బల్లపరుపుగా, నూలుతో నేసిన వెడల్పు లేసులైతే మేలు. నేర్చుకునేటప్పుడు బూటు కాలికి వద్దు. బల్ల మీద, పిల్లాడి ముందు, బూటు కొన అవతలి వైపు తిరిగి ఉండేలా పెట్టండి, వేసుకున్నప్పుడు వాడికి ఎలా కనిపిస్తుందో అలా. ఈ ఒక్క పొరపాటు చాలా ఇళ్లలో చేస్తారు, బూటు కొన పిల్లాడి వైపు పెట్టి నేర్పుతారు. ఇంటర్నెట్ వీడియోలు కూడా చాలావరకు ఎదుటి నుంచి తీసినవే.

ఇక వరస. ఎరుపు ఎడమవైపు, నీలం కుడివైపు ఉందనుకోండి. నీలాన్ని ఎరుపు మీదుగా వేసి, కిందినుంచి దూర్చి, రెండూ పక్కలకు లాగాలి. ఇప్పుడు నీలం ఎడమవైపుకు వచ్చేసింది, గమనించండి. ఒక్కో కొసతో ఒక్కో కుందేలు చెవి చేయాలి. చెవి ఎత్తు వాడి చూపుడువేలంత చాలు, అడుగు భాగం ముడికి ఆనుకుని ఉండాలి. మళ్లీ నీలం చెవినే ఎరుపు చెవి మీదుగా వేసి, ఎరుపు వెనక నుంచి మధ్యలో ఏర్పడిన కన్నంలోకి దూర్చాలి. రెండు చెవులూ పట్టుకుని పక్కలకు లాగాలి. పిల్లాడికి చెప్పాల్సిన సూత్రం ఒక్కటే: రెండుసార్లూ నీలమే పైకి. ఇలా చేస్తే పైన బొందుముడి గారు చెప్పిన సరైన ముడి దానంతటదే వస్తుంది, ఎడమా కుడీ అనే మాటే అక్కర్లేదు.

నేర్పే క్రమం మాత్రం వెనక నుంచి ముందుకు. మొదట్లో మొత్తం మీరే కట్టి, ఆఖరున చెవులు పట్టుకుని బిగించి లాగడం ఒక్కటే వాడికి వదలండి. అది తడబాటు లేకుండా వచ్చాక చెవిని దూర్చడం, లాగడం వాడివి. తర్వాత చెవులు ఒకదాని మీద ఒకటి వేయడం. అలా వెనక్కి వెళ్తూ చివరికి మొదటి ముడి. ప్రతిసారీ కట్టడం పూర్తయ్యేది వాడి చేత్తోనే, అది పిల్లలకు పెద్ద ఊపు. మొదటి ముడి నుంచి మొదలుపెడితే రోజూ మధ్యలో చిక్కుపడి ఆపేయడమే అవుతుంది. రోజుకు ఐదు, పది నిమిషాలు చాలు. బడి బస్సు వచ్చే పొద్దుటి వేళ మాత్రం నేర్పొద్దు, ఆ హడావిడిలో ఏ వేలూ మాట వినదు.

తప్పు ఎక్కడ జరుగుతుందో కూడా చెప్తాను. చెవి మరీ పెద్దదిగా చేస్తే కన్నంలో పట్టదు, దూర్చాక వేలాడుతుంది. చెవి మరీ చిన్నదైతే లాగేటప్పుడు జారి బయటికి వచ్చేస్తుంది. చెవుల్ని కాకుండా కొసల్ని లాగితే ముడి అక్కడే విడిపోతుంది, పిల్లలు ఎక్కువగా చేసేది ఇదే. మెడ దగ్గర పట్టుకోవాలి అని చెప్పండి, అంటే చెవి మొదలు దగ్గర. ఇక చెవులు చేసే లోపల మొదటి ముడి వదులైపోతుంటే, ఆ మొదటి ముడిలో నీలాన్ని రెండుసార్లు చుట్టించండి. ఒరిపిడి పెరిగి, చేతులు వదిలినా అది కాసేపు అలాగే నిలుస్తుంది.

ఎనిమిదేళ్లు దాటినా లేసుతో పాటు గుండీలు, కత్తెర, రాత, బంతి పట్టడం అన్నీ కష్టంగానే ఉంటే అది బద్ధకం కాకపోవచ్చు, ఒకసారి పిల్లల డాక్టరుకో థెరపిస్టుకో చూపించండి. లేసు ఒక్కటే రాకపోతే కంగారేమీ లేదు.

సులువుమార్గం

ఇంత ఎందుకండీ, సాగే ఎలాస్టిక్ లేసులు దొరుకుతాయి, ఒకసారి ఎక్కిస్తే కట్టే పనే లేదు. చూడ్డానికి లేసు బూట్లలాగే ఉంటాయి, బడివాళ్లూ ఏమీ అనరు.

ఓటీ_కాకినాడ

నేర్చుకునేదాకా అవి పెట్టొచ్చు, తప్పులేదు. ఈత, సైకిల్, పరుగు కలిసిన ట్రయాథ్లాన్ పోటీలో సైకిల్ దిగి పరుగుకు మారేవాళ్లు సమయం కలిసొస్తుందని అవే వాడతారు. పిల్లాడికి మాత్రం సమస్య ఏంటంటే, బిగుతు ఒకచోట ఆగిపోతుంది. పలచటి సాక్సు వేసిన రోజూ మందం సాక్సు వేసిన రోజూ ఒకే బిగుతు. పైగా సాగే లేసు ఉంటే పిల్లలు నాలుక లాగకుండా, మడమ తొక్కుతూ కాలు దూర్చేస్తారు, వెనక గట్టి భాగం చితికిపోతుంది.

కొబ్బరాకు

అందరికీ ధన్యవాదాలు. చూశాను, మా ఇంట్లో ఇద్దరం కట్టేదీ నిలువు ముడే! ఇంకో మూడు అడుగుతాను. ఎడమచేతివాడికి ఎలా కూర్చుని చూపించాలి? నున్నటి లేసు మార్చాలంటే ఎలాంటిది, ఎంత పొడవు కొనాలి? డబుల్ ముడి అసలు వేయొచ్చా?

ఓటీ_కాకినాడ

ఎదురుగానే కూర్చోండి, కానీ ఒకే బూటు మధ్యలో పెట్టుకుని ఇద్దరూ దాని మీద పనిచేయొద్దు. తికమకంతా అక్కడే. మీ బూటు మీకు, వాడి బూటు వాడికి, కొనలు ఎదురెదురుగా. మీ కుడిచేయి వాడికి తన ఎడమచేతికి ఎదురుగా కనిపిస్తుంది, అద్దంలో చూసినట్టు చేసుకుంటూ పోతాడు. రంగులు కూడా అద్దంలాగే ఉండాలి: మీ బూటుకు నీలం మీ కుడివైపు ఉంటే వాడి బూటుకు నీలం వాడి ఎడమవైపు. సూత్రం మారదు, నీలమే పైకి.

ఇంట్లో ఎడమచేతి వాటం పెద్దవాళ్లెవరైనా ఉంటే వాళ్లు ఎదురుగా కాదు, పక్కన కూర్చుని చూపించాలి.

చర్మశిల్పి

లేసుల సంగతి నేను చెప్తాను.

పెద్దవాళ్ల బూట్లకు నాలుగు జతల కన్నాలకు సుమారు 70 సెంటీమీటర్లు, ఐదింటికి 90, ఆరింటికి 115, ఏడింటికి 135 దాకా సరిపోతుంది. చిన్నపిల్లల బూట్లలో రెండు వరసల మధ్య దూరం తక్కువ, కాబట్టి ఐదు జతలకు 75 నుంచి 90 చాలు. కట్టాక సరిచూసుకునే పద్ధతి ఒకటుంది: చెవులూ కొసలూ దాదాపు సమానంగా ఉండాలి, ఏదీ నేలకు తగలకూడదు. మీ 120 లేసును కత్తిరించి వాడుకోవచ్చు, కానీ రెండు కొసల నుంచీ సమానంగా కత్తిరించి, కొసలకు మళ్లీ మొన కట్టాలి.

మొన అంటే ఆ ప్లాస్టిక్ గొట్టం. అది ఊడిందంటే లేసు కన్నంలో దూరదు, పిల్లాడు నోట్లో పెట్టి తడిపి పురి పెడతాడు, ఇంకా పీచు లేస్తుంది. పాలిస్టర్, నైలాన్ లేసైతే కొసను కొవ్వొత్తి మంట పక్కన పెట్టి, కరిగి గట్టిపడనివ్వండి. వేడిగా ఉండగా వేళ్లతో నొక్కొద్దు, చర్మానికి అతుక్కుంటుంది. నూలు లేసు కరగదు, కాలుతుంది. దానికి పారదర్శక టేపును రెండు సెంటీమీటర్ల మేర బిగుతుగా నాలుగైదు చుట్లు చుట్టి కొన ఏటవాలుగా కత్తిరించాలి. కరెంటు పనివాళ్లు వాడే, వేడికి ముడుచుకునే గొట్టం ముక్క దొరికితే అన్నిటికంటే గట్టిది.

రకం విషయానికొస్తే గుండ్రటి నున్నటి నైలాన్ లేసు అన్నిటికంటే త్వరగా జారుతుంది. బల్లపరుపు నూలు లేసు బాగా పట్టుకుంటుంది. నల్ల బూట్లకు గుండ్రటిదే కావాలంటే మైనం పట్టించినది అడగండి. లేకపోతే చెప్పులు కుట్టే దారానికి రాసే మైనం ముక్క మీద లేసు ముడిపడే భాగాన్ని ఒకటి రెండుసార్లు లాగండి, చాలు. ఎక్కువైతే దుమ్ము పట్టి నల్లటి జిగురవుతుంది.

శనివారం బూట్ల గురించి మీరు అడగలేదు కానీ చెప్పాలి. తెల్ల పాలిష్ వేసేటప్పుడు లేసు తీసేయండి. లేసు మీద ఎండిన పాలిష్ సుద్దలా గట్టిపడి మెలి తిరగనివ్వదు, ముడి కుదురుకోదు, పొడి రాలిపోయి మరింత వదులవుతుంది. లేసులు సబ్బునీళ్లలో విడిగా ఉతికి ఆరేస్తే సరి.

పరుగు_ఉదయం

డబుల్ ముడి గురించి. గ్రానీ ముడి మీద డబుల్ వేయడం అంటే కారుతున్న కుండకు బట్ట చుట్టడం లాంటిది. ముందు అడ్డంగా పడే ముడి రానివ్వండి, సగం రోజులు డబుల్ అక్కర్లేదు.

అయినా వేయాలనుకుంటే కొసల్ని కాదు, రెండు చెవుల్ని పట్టుకుని ఇంకో ముడి వేయండి. చెవులతో వేసిన రెండో ముడి వేలు దూర్చి విప్పొచ్చు. కొసను చెవిలోంచి పొరపాటున దూర్చి లాగితేనే పీటముడి. లంగా బొందు తప్పు కొస లాగినప్పుడు పడేదీ ఇదే కదా. వానలో తడిసిన నూలు లేసైతే మరీ కష్టం, ఉబ్బి బిగుసుకుంటుంది.

డబుల్ ముడి కంటే మంచిది ఇంకోటుంది. నీలం చెవిని కన్నంలోంచి దూర్చాక బిగించకుండా, ఇంకో చుట్టు తిప్పి అదే కన్నంలోంచి రెండోసారి దూర్చి అప్పుడు లాగండి. ముడి మధ్యలో రెండు చుట్లు పడతాయి, నున్నటి లేసు కూడా జారదు. విప్పడానికి మామూలుగానే కొస లాగితే చాలు, కొంచెం గట్టిగా లాగాలి అంతే. పిల్లాడికి ఇది మామూలు ముడి వచ్చిన నెల తర్వాత నేర్పండి, ముందే చెప్తే రెండూ కలిపేస్తాడు.

పీటముడి పడిపోతే గోళ్లతో పీకొద్దు. ముడిలోకి వెళ్లే ఒక కొసను గట్టిగా పురి పెట్టి సన్నగా కర్రలా చేసి, ముడి వైపు తోయండి. లాగడం కాదు, తోయడం. లోపల కొంచెం సందు వస్తుంది, అందులోకి పిన్నీసు మొద్దు వైపు దూర్చి వదులు చేయొచ్చు.

మరొకటి, బిగించడం ముడి దగ్గర కాదు మొదలవ్వాల్సింది. మడమను వెనక్కి ఆనించి నేల మీద ఒకసారి తట్టి, వేళ్ల వైపు మొదటి జత నుంచి ఒక్కో అడ్డుపట్టీ (కన్నాల మధ్య అడ్డంగా పోయే లేసు) లాగుతూ పైకి రావాలి. పై జత మాత్రమే లాగితే పాదం పైభాగం నొక్కుకుపోతుంది, కింద వదులుగానే ఉంటుంది, నడుస్తుంటే ఆ వదులంతా పైకి పాకి ముడిని సడలిస్తుంది. 'ఏడాది వస్తాయి' అని ఒక సైజు పెద్ద బూట్లు కొన్నప్పుడు ఇది ఇంకా ఎక్కువ, ప్రతి అడుగుకూ మడమ లేచి లేసును లాగుతుంటుంది.

బొందుముడి

ఒకటి వదిలేశాం. సైకిల్ తొక్కుతాడా? గొలుసు కుడివైపు ఉంటుంది. కుడి బూటు చెవులూ కొసలూ కింద అడ్డుపట్టీల్లోకి దోపి పంపండి. ఎస్కలేటర్ ఎక్కేటప్పుడు రెండు బూట్లకూ అలాగే చేయాలి.

కొబ్బరాకు

తొక్కుతాడు. దోపుతాను. నీలం, ఎరుపు లేసులు ఇవాళే తెచ్చాను, ఆఖరి లాగుడు వాడికి వదిలాను.